‘ఇప్పుడే’ అంటే ఎంతసేపు

పురానాపూల్ దాటి కార్వాన్ వైపు మళ్ళిన ఆటో, పచ్చరేకులు కట్టిన ఒక ఖాళీ జాగా ముందు ఆగిపోయింది. ముందర గడ్డి లారీ ఒకటి వెనక్కి తిరగడానికి తంటాలు పడుతోంది. నా పక్కన మా తమ్ముడి కూతురు ఫోన్ చూసుకుంటోంది. ఇద్దరం ఒక ఫంక్షన్ పనిమీద బయలుదేరాం. ఎంతమందికి ఎంత బియ్యం, ఎంత నూనె, ఎంత పెరుగు పడుతుందో చెప్పడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చింది. వంటవాళ్ళు నా మాట మీద బియ్యం నానబెడతారు. తక్కువైతే మాట పడేది నేనే కాబట్టి ఊరికే నోరు జారను.

రేకుల మీద పెద్ద బ్యానర్. అద్దాల మేడ బొమ్మ, కింద నీలంగా ఈతకొలను, పైన బారెడేసి అక్షరాలు: కమింగ్ సూన్. ఎండకు మేడ రంగు వెలిసిపోయింది. ఒక మూల చిరిగి గాలికి కొట్టుకుంటోంది. రేకుల సందులోంచి చూస్తే లోపల మేడ లేదు, పునాది గుంత కూడా లేదు. నడుము ఎత్తున పిచ్చిగడ్డి.

"ఎన్నేండ్ల సంది కమింగ్ సూనో పాపం," అని పిల్ల నవ్వింది. "అత్తా, నీకో ముచ్చట చెప్పాల్నా? సూన్ అంటే ముందుగాల గిట్ల లేకుండెనంట. మా మేడమ్ చెప్పింది. వెయ్యేండ్ల కింద దాన్ని సోనా అనెటోళ్ళంట. అంటే వెంటనే. గీ క్షణమే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది, ఎప్పుడో ఒకప్పుడు. జనం సూన్ వస్తమని చెప్పుడు, లేట్ చేసుడు, మళ్ళ చెప్పుడు, మళ్ళ లేట్ చేసుడు. గట్ల గట్ల మాటనే ఢీలా అయిపోయిందంట. అనాన్ అని ఇంకో మాటుండె, దానికి గూడ వెంటనే అనే అర్థం. అదీ గట్లనే జారింది. ప్రెజెంట్లీ అన్నరు. అదీ గంతే."

"సోనా అంటే మన దగ్గర పండుకునుడు గద బేటీ," అన్నాడు ఆటో భాయ్ అద్దంలోంచి చూస్తూ. "అందుకే లేట్ అయింది."

పిల్ల పడీపడీ నవ్వింది. నేనూ నవ్వే ఉంటాను. కళ్ళు మాత్రం ఆ రేకుల సందు మీదే ఉన్నాయి. ఆ పిచ్చిగడ్డి ఉన్న చోటే మా బర్రెల కొట్టం ఉండేది.

"జర ఆగు భాయ్," అని దిగాను.

మాది పాల ఇల్లు. పిడకల పొగ, తడిసిన గడ్డి, నానబెట్టిన పత్తిగింజల జిడ్డువాసన, వీటన్నిటి మీద కాగే పాల తియ్యటి వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకేమో వాళ్ళ పౌడరు వాసన వింతగా ఉండేది. ఇంటికి పెద్ద మా బాపమ్మ, నాయన తల్లి. ఆమె తర్వాత బాపు, అమ్మ, నేను, ఇంకా పాలు మరవని మా తమ్ముడు. బాపు తమ్ముడిని చిన్నబాపు అనేదాన్ని, అతని భార్యను చిన్నమ్మ అని. చిన్నమ్మ పెళ్ళయి వచ్చి ఏడాదైనా కాలేదు. యాకుత్‌పురా స్టేషన్ పక్క పిల్ల. రైలు కూత వినపడని ఇంట్లో నిద్ర పట్టడం లేదని మొదట్లో ఏడ్చేదట.

చిన్నబాపు నా మొదటి లెక్కల గురువు. పాల క్యాను మీద వేలి కణుపుతో కొట్టి, "ఎంతవరకు ఉన్నయో చెప్పు బిడ్డా," అనేవాడు. నిండు క్యాను చప్పుడు మొద్దుగా ఉంటుంది. ఖాళీ అవుతున్నకొద్దీ గొంతు విప్పుతుంది. సరిగ్గా చెబితే చక్కెర అద్దిన మీగడ ముద్ద నా నోట్లో పడేది. బాపమ్మ చూస్తే ఇద్దరినీ తిట్టేది. అందుకని నేను నోరు తెరవకుండా నమలడం నేర్చుకున్నాను.

ఇంట్లో రెండు కట్టుబాట్లుండేవి. గడప దాటేవాళ్ళు ‘పోతున్న’ అనకూడదు. ఎంత కోపంలో ఉన్నా, ఉప్పు పొట్లం కోసం వెళుతున్నా, ‘వస్త’ అనే అనాలి. రెండోది ముంత. సాయంత్రం పాలు తోడుపెట్టే వేళకు ఇంటిమనిషి ఎవరైనా బయట ఉంటే, వాళ్ళ పేరున చిన్న మట్టిముంతలో పాలు పోసి, తోడు వేసి, గుడ్డ కట్టి ఉట్టి మీద పెట్టేది బాపమ్మ. ఆ పెరుగు వాళ్ళే తినాలి. ఇంకొకరు వేలు పెట్టకూడదు.

"తోడుకున్నంతసేపు మనిషి తొవ్వల ఉన్నట్టు," అనేది.

వానలు మొదలైన రోజులు. చిన్నబాపు సాయంత్రం పాలు వేయడానికి బయలుదేరాడు. పురానాపూల్ వంతెన అవతల ఒక చాయ్ హోటల్‌కు రోజూ మేమే పోసేవాళ్ళం. చిన్నమ్మ గోనెసంచిని వానకు తలమీద వేసుకునే కొప్పెరలా మడిచి చేతికిచ్చింది.

"మబ్బు పట్టింది. జర ఆగరాదు?"

"ఇప్పుడే వస్త. పాలు పొయ్యి మీద పెట్టు. పొంగేలోపట వస్త."

సైకిలు మీద క్యాన్లు ఒకదానికొకటి తగులుతూ సందు చివరిదాకా వినిపించాయి. చిన్నమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది. పాలు అంచు దాకా లేచే సమయానికి వాన దంచుతోంది. ఆమె పొయ్యిలోంచి ఒక పిడక బయటికి లాగింది. పాలు కిందికి దిగాయి. కాసేపటికి మళ్ళీ లేచాయి. ఇంకో పిడక లాగింది. ఎందుకలా చేస్తోందో ఎవరికీ చెప్పలేదు. గడప మీద కూర్చున్న నాకు మాత్రం అర్థమైంది. అతను వచ్చేలోపు పాలు పొంగకూడదు, అంతే. పొయ్యి చల్లారేదాకా ఆమె అక్కడే నిలబడింది.

తెల్లారి వంతెన గోడకు ఆనించిన సైకిలు దొరికింది. క్యాన్లు ఖాళీగా, కడిగి, మూతలు పెట్టి ఉన్నాయి. పాలు పోశాడని, చాయ్ తాగాడని, ‘అబ్బీచ్ ఆతూం’, ఇప్పుడే వస్తానని లేచి వెళ్ళాడని హోటలాయన చెప్పాడు. బాపు దవాఖానాలు తిరిగాడు, ఠాణాకు పోయాడు, మూసీకి రెండు ఒడ్లా నడిచాడు. ఎవరో రైల్లో చూశామన్నారు. ఎవరో బొంబాయి పోయాడన్నారు. ఏ మాటా నిలవలేదు. అతనికేమైందో ఆనాడు తెలియలేదు, ఈనాటికీ తెలియదు.

బాపమ్మ ఏడవలేదు. సాయంత్రం కాగానే ముంత కడిగి, పాలు పోసి, గుడ్డ కట్టి ఉట్టి మీద పెట్టింది. మర్నాడు ఎవరూ తినని ఆ పెరుగునే తోడుగా తీసి ఇంటి పాలన్నిటికీ వేసింది. మళ్ళీ కొత్త ముంత పెట్టింది. ఆ తర్వాత రోజూ అంతే. అలా మేం తినే పెరుగంతా, వాడకట్టుకు మేం అమ్మే పెరుగంతా చిన్నబాపు ముంతలోంచే పుట్టేది. తెలిసిన నేను పెరుగు గిన్నె పక్కకు జరిపేదాన్ని.

పెద్దమనుషులు వచ్చి నచ్చజెప్పేవారు. బాపమ్మది ఒకటే జవాబు.

"పాలల్ల నీళ్ళు కలిపితే తెలుస్తది. నా కొడుకు మాటల నీళ్ళు లెవ్వు. ఇప్పుడే వస్త అన్నడు. వస్తడు."

నేను అన్నీ లెక్కపెట్టే పిల్లను. ఆ ముంతలను మాత్రం లెక్కపెట్టలేదు.

అసలు ఇబ్బంది బర్రెతో వచ్చింది. చిన్నబాపు చేతికి అలవాటైన బర్రె ఒకటి, ఇంకెవరు కూర్చున్నా చేపేది కాదు. పాలు పైకి ఎగబట్టి, తల తిప్పి వాకిలి వైపు చూసేది. రెండు రోజులు చూసి, చిన్నమ్మ ఒక ఉపాయం చేసింది. చీర మీద అతని అంగీ తొడుక్కుంది, అతని తువ్వాల తలకు చుట్టుకుంది, బిందె పట్టుకుని కూర్చుంది. బర్రె ఆ అంగీ చేతిని వాసన చూసింది. ఒక నిట్టూర్పు విడిచి చేపింది.

ఆ పొద్దున నేను కళ్ళు నులుముకుంటూ కొట్టంలోకి వచ్చాను. మసక వెలుతురులో అంగీ వీపు కనబడింది, తువ్వాల కనబడింది. "చిన్నబాపు వచ్చిండు!" అని అరిచాను. ఇంట్లోవాళ్ళంతా పరుగెత్తి వచ్చారు. అందరికంటే ముందు బాపమ్మ. అంగీలో ఉన్న చిన్నమ్మ మా వైపు తిరిగింది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ అంగీని ఆమె ఉతకలేదు. ఉతికితే వాసన పోతుంది. కొట్టంలో ఒక మేకుకు తగిలించి, వాన జల్లు పడకుండా గోనె కప్పేది. రోజూ తెల్లవారుతూనే తొడుక్కునేది, పిండడం అయ్యాక విడిచేది. నేను ఆ మేకు వైపు చూడకుండా కొట్టం దాటేదాన్ని.

ఒకనాడు యాకుత్‌పురా నుంచి చిన్నమ్మ అన్న వచ్చాడు.

"నా చెల్లెకు ఇంక ఇరవై నిండలే అమ్మా," అన్నాడు బాపమ్మతో. "మీరు మంచోళ్ళే. కానీ ఎన్నొద్దులు గిట్ల కూసోవెడ్తరు? ఇంటికి తీస్కపోత."

"తీస్కపో. వాడొచ్చి నా పెండ్లాం ఏది అంటే ఏం చెప్పాలె?"

"ఎప్పుడొస్తడు?"

"ఇప్పుడే వస్త అన్నడు."

తలుపు చాటున ఉన్న చిన్నమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన చాయ్ సగం తాగి, "వస్త," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చిన్నమ్మ చల్ల చిలుకుతూ నన్ను పిలిచింది.

"నీకు లెక్కలొస్తయి గద. ఇప్పుడే అంటే ఎంతసేపు బిడ్డా?"

నాకు లెక్కల్లో ఎవరూ అంత పెద్ద ప్రశ్న వేయలేదు. మర్నాటి నుంచి అదే పని పెట్టుకున్నాను. మా ఇంట్లో గడియారం లేదు. గౌను ఒళ్ళో పిడికెడు పత్తిగింజలు పోసుకుని, ఎవరు ‘ఇప్పుడే’ అంటే వాళ్ళ ముందు కూర్చుని, నెమ్మదిగా ఒక్కొక్క గింజ కింద వేసేదాన్ని. బాపు ‘ఇప్పుడే లేస్త’ అంటే బీడీ ఆఖరు దాకా. అమ్మ ‘ఇప్పుడే పెడ్త’ అంటే తమ్ముడు నిద్రపోయే దాకా. మంగలి ‘ఇప్పుడే చేస్త, కూసో’ అని బాపును కూర్చోబెట్టి ఇంకా ముగ్గురి తలలు గొరిగాడు.

"ఏంది పిల్లా, నా దుకాణంల పత్తి విత్తుతున్నవా?" అన్నాడు.

దర్జీ అయితే ‘అబ్బీచ్ దేతూం బేటా’ అన్నాడు. నా లంగా పండుగ వెళ్ళాక వచ్చింది.

మా గోడకవతల ఇంటి ఖాలాకు ఈ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె మా దగ్గర పాలు పోయించుకునేది, మా అమ్మకు అల్లం మురబ్బా పంపేది.

"మన హైద్రాబాద్ లెక్క వేరే బేటా. అయిపోయింది ఏదైనా పర్సోం, అంటే మొన్న. రావాల్సింది ఏదైనా అబ్బీచ్. నడుమ ఎంతున్నదో అల్లాకే ఎరిక."

తిరిగి తిరిగి చిన్నమ్మ దగ్గరికి వచ్చాను. "ఒక్కొక్కలది ఒక్కో తీరు చిన్నమ్మా. ఎవ్వలది కలుస్తలేదు."

"మీ చిన్నబాపుది?"

ఒడి విప్పి చూపించాను. "గింజలు సాలలే."

ఆమె చిలకడం ఆపలేదు. వెన్న పడిపోయాక కూడా చాలాసేపు చిలుకుతూనే ఉంది.

చలి మొదలయ్యేసరికి ఆ బర్రె పాలు తగ్గాయి. బాపు మేత మార్చాడు, తవుడు మార్చాడు. క్యాను మీద కొట్టి చూసే అలవాటున్న నాకు వేరే అనుమానం. అంగీలో వాసన పోతోంది. బర్రె ముందులా కాకుండా ఆ చేతిని చాలాసేపు వాసన చూసేది, వెతుకుతున్నట్టు. చిన్నమ్మ కూడా ఒకసారి ఎవరూ లేరనుకుని ఆ కాలరులో ముఖం పెట్టి చూడడం నేను చూశాను. తర్వాత మెల్లగా పాలు మళ్ళీ పెరిగాయి. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

ఒక పొద్దున పొగమంచులో చిన్నమ్మ ఆలస్యంగా లేచింది. హడావిడిగా వచ్చి బిందె కింద పెట్టుకుని కూర్చుంది. పాలు బిందెలో చర్రుచర్రున పడుతున్నాయి. బర్రె నెమరు వేస్తోంది. వాకిలి వైపు తల తిప్పలేదు. సగంలో చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి. తన చేతిని చూసుకుంది. రవిక, గాజులు. అంగీ మేకుకే ఉంది. ఆమె బర్రె డొక్కకు నుదురు ఆనించింది.

నేను దగ్గరికి వెళ్ళాను. "ఇది మర్చిపోయింది బిడ్డా," అంది. ఏడవలేదు. మిగతా పాలు పిండేసింది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక ఖాలా గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దీపం వెలిగాక పెరుగు, తోడు, ఉప్పు ఇంటి బయటికి ఇవ్వకూడదు. అది ఆమెకూ తెలుసు.

"మెహమాన్లు దిగిన్రు. మా పెరుగు ఖరాబైంది. దీపం పెట్టినంక అడగొద్దని ఎరికే గానీ ఏం జెయ్యాలె, మజ్బూరీ. జర్రంత తోడు ఉంటే..."

"పొద్దుగాల ఇస్త ఖాలా, ఏమనుకోకు," అంది అమ్మ. బాపమ్మ ఆ పూట పాలకు ఇంకా తోడు వేయలేదు, కొట్టంలో దూడకు మందు తాగిస్తోంది.

చిన్నమ్మ లేచింది. ఉట్టి మీద నుంచి ముంత దింపింది. గుడ్డ విప్పి, గిన్నెలోకి వంచడం కూడా కాదు, ముంతకు ముంత ఖాలా చేతుల్లో పెట్టింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఖాలా ముఖం మారిపోయింది. అది ఎవరి ముంతో వాడకట్టంతా తెలుసు.

"ఇది వద్దు బేటీ. ఇది నాకియ్యకు."

"తీస్కపో ఖాలా. ఉంచితే పుల్లగైతది."

బాపమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఖాళీ ఉట్టి ఊగుతోంది.

"ముంత ఏది?"

"ఇచ్చిన," అంది చిన్నమ్మ.

"దీపం పెట్టినంకనా?"

"ఆఁ."

"మర్చిపోయి ఇచ్చినవా?" అని బాపమ్మ మెల్లగా అడిగింది. తప్పించుకోవడానికి దారి చూపించిందని నాక్కూడా తెలిసింది. వెనకనుంచి అమ్మ, అవునని చెప్పమని సైగ చేస్తోంది.

"లేదత్తమ్మా. ఎరికుండే ఇచ్చిన." చిన్నమ్మ ఊగుతున్న ఉట్టిని చేత్తో ఆపింది. "పొయ్యి కింది పిడకలు గుంజుకుంట ఎన్నొద్దులు నిలవడుదు? పాలు పొంగినయి."

ఆనాడు పొయ్యి ముందు ఏం జరిగిందో చూసింది నేనొక్కదాన్నే అనుకున్నాను. కాదు. బాపమ్మ ‘ఏ పిడకలు’ అని అడగలేదు. అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. ఆ పూట మా ఇంట్లో పెరుగు తోడుకోలేదు. పాల ఇంట్లో తోడు లేని రాత్రి.

తెల్లవారగానే ఖాలా ముంత కొంగు కింద దాచుకుని తెచ్చింది.

"చెంచాడే వాడుకున్న అమ్మా. పేరు పెట్టిన ముంత మేమెట్ల తింటం? తీస్కో, మల్ల పెట్టుకో."

బాపమ్మ ముంతను చూసింది. చేత్తో ముట్టుకోలేదు. "నువ్వు తోడేసిన గిన్నెలకెంచి చెంచాడు ఇయ్యి. పాలకు వేస్కుంటం. ముంత నీ దగ్గర్నే ఉండనియ్యి."

ఆ వారంలోనే బాపును యాకుత్‌పురా పంపింది. చిన్నమ్మ అన్న వచ్చాడు. రేకుపెట్టె గడప బయట పెట్టారు. చిన్నమ్మ బాపమ్మ కాళ్ళకు మొక్కి లేచి గడప మీద నిలబడింది. అందరం ఆ ఒక్క మాట కోసం ఆగాం.

"పోతున్న అత్తమ్మా."

అమ్మ ఊపిరి బిగబట్టడం వినిపించింది. బాపమ్మ ఆమె కొంగు భుజం మీద సరిచేసింది. మా ఇంట్లో ఎవరూ అనకూడని మాటను నోట్లో తిప్పుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"మంచిది బిడ్డా. పో."

తర్వాత ఆమెకు మళ్ళీ పెళ్ళయిందని, పిల్లలు పుట్టారని విన్నాం. మా గడప మళ్ళీ తొక్కలేదు. పోతున్నానని చెప్పింది, పోయింది. ఆ ఇంట్లో నేను విన్న మాటల్లో నీళ్ళు కలవనిది అదొక్కటేనని ఇప్పుడనిపిస్తుంది.

బాపమ్మ మళ్ళీ ముంత పెట్టలేదు. కానీ బతికినన్నాళ్ళు, సాయంత్రం సందులో క్యాన్ల చప్పుడైతే తల తిప్పేది. ఎవరో వేరే పాలాయన వెళ్ళిపోయేవాడు. ఆమె మళ్ళీ పనిలో పడేది. చూడకూడదనుకుంటూనే నేనూ తిప్పేదాన్ని. బర్రెలు పోయాయి, కొట్టం పోయింది, జాగా చేతులు మారింది. ఖాలా ఇంటి నుంచి వచ్చిన ఆ తోడు మాత్రం మా ఇళ్ళలో తెగలేదు. నిన్న కూడా దానితోనే పెరుగు పెట్టాను. లెక్క ప్రకారం చూస్తే, నిండు గిన్నె పాలకు చెంచాడు తోడు, మర్నాడు అందులోంచి మళ్ళీ చెంచాడు. కొన్నాళ్ళు తిరిగేసరికి మొదటి ముంతలోది చుక్కయినా మిగలదు. మా పిల్ల చెప్పిన ఇంగ్లీషు మాట కూడా అలాగే అయి ఉంటుంది. రోజుకొక చెంచాడు ఆలస్యం కలుస్తూ పోతే ‘వెంటనే’ అన్నది ఎక్కడ మిగులుతుంది? కానీ లెక్క పాల సంగతే చెబుతుంది. పులుపు ఎక్కడినుంచి వస్తోందో చెప్పదు.

రేకుల సందులో నిలబడిన నన్ను చూసి వాచ్‌మన్ లేచి వచ్చాడు. ముసలివాడు, తలకు తువ్వాల.

"ఎవరు గావాలమ్మా?"

"ఎవ్వలు లేరు. ఊకెనే చూస్తున్న."

"లోపటికి రా, చూడు. గడ్డి తప్ప ఏముంది?" అని రేకుల గేటు ఓరగా తీశాడు.

ఆటోలోంచి పిల్ల కేకేసింది. లారీ తొలగింది. "వస్త భాయ్," అని తిరిగాను. నాలుగడుగులు వేశాక వెనక్కి చూస్తే గేటు ఇంకా తెరిచే ఉంది. నేను వస్తానన్నాను కాబట్టి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

వెనక్కి వెళ్ళాను.

"లేదు భాయ్. పోతున్న. గేటు పెట్టుకో."

"మంచిది," అన్నాడు.

ఆటో వైపు నడుస్తుంటే వెనక రేకు రేకుకు తగిలి మోగింది. ఖాళీ క్యాను గొంతు. గేటే అని తెలుసు. అయినా తల తిప్పాను.